చీకటి పెట్టెలో చుక్క

జపాన్‌లోని కుమమోతో ఫ్యాక్టరీలో కెమెరా చిప్‌లను పరీక్షించే చీకటి పెట్టె ఒకటుంది. దాని మూత తీసే ముందు, అక్కడ పరీక్షలు చేసే ఇనోకుచి వేలితో రెండుసార్లు తట్టేవాడు. "లోపలివాళ్లకి చెప్పి తియ్యాలి కదమ్మా" అని, తనతో పనిచేసే చిజురుకి చెప్పి నవ్వేవాడు. అతను పోయాక ఎవరూ తట్టడం లేదు.

ఈ రాత్రి మూత బిగించి ఉన్నా, లోపలి చిప్‌కి కనిపించేది చూపే, నల్లగా ఉండాల్సిన కంప్యూటర్ తెర మీద ఒక చుక్క వెలుగుతోంది. చిజురు చిప్ మార్చింది. చుక్క అక్కడే ఉంది. మేనేజర్‌కి ఫోన్ చేసింది.

"పక్క చుక్కల వెలుగు సగటు తీసి, దాంతో ఆ చుక్కని కప్పెయ్."

"చిప్ మార్చినా పోవట్లేదు సార్."

"ఇనోకుచి ఆ బల్ల దగ్గరే కుప్పకూలాడు. అతని పని మీ నలుగురికీ పంచాం. ఒక్క పూటైనా లైను ఆగిందా? ఇదీ అంతే."

కప్పేసింది. తెర నల్లబడి, 'పాస్' అని పడింది.

చిజురు మూత మీద చెయ్యి వేసింది. లోపలినుంచి ఎవరో నెమ్మదిగా రెండుసార్లు తట్టారు.