రెండు గీతల మధ్య

చర్చి గోడకు జానెడు దూరంలో, పడకా వంటిల్లూ ఉన్న పొడుగాటి ఆర్‌వీ బండి కీచుమని ఆగింది. ఇంకొక్క క్షణం ఆలస్యమైతే గోడైనా పోయేది, బండి వెనక నిలబడి చేతులూపుతున్న డోరీన్ అయినా పోయేది.

"అద్దంలో చూస్తున్నావా, కునుకు తీస్తున్నావా?" అంది డోరీన్.

లైల్ డ్రైవరు సీట్లోంచి తల బయటపెట్టాడు. "చూస్తూనే ఉన్నాను. నీ చేతులు రమ్మంటున్నాయో పొమ్మంటున్నాయో దేవుడికైనా తెలుస్తుందా?"

పాస్టర్ ఆర్లన్ చర్చి గుమ్మంలోనే నిలబడిపోయాడు. కింగ్‌మన్ ఊరికి ఆయన కొత్త. అక్టోబరులో ఎడారి పార్కులన్నీ చుట్టి రావాలనుకుంటున్నామని, ఇంత పొడుగు బండిని వెనక్కి నడిపి క్యాంపు స్థలంలో పెట్టడం ముందుగా నేర్చుకోవాలని, చర్చి వెనక ఖాళీ జాగా కాస్త వాడుకోనివ్వమని డోరీన్ ఫోను చేసి అడిగితే, అదెంత భాగ్యం అన్నాడు. ఇప్పుడు నాలుక కరుచుకుంటున్నాడు.

బండి ముందుకెళ్లి మళ్లీ వెనక్కొచ్చింది. తెల్ల గీత తొక్కి వంకరగా నిలబడింది. అక్కణ్ణుంచి తగువు యాత్ర మీదకు పాకింది. జయాన్ పార్కు కొండ సొరంగం గుండా పోదామని లైల్ అంటే, ఇంత లావు బండిని అందులోకి రానివ్వరని కూడా తెలియకుండానే దారి గీశావా అని డోరీన్ ఎత్తిపొడిచింది. నీళ్లూ కరెంటూ ఉన్న చోటే దిగాలని ఆమె పట్టు. డబ్బు కట్టి మరీ పక్క బండివాడి గురక వినే ఖర్మ తనకు లేదు, బయలు ఎడారిలోనే పడుకుందామని అతని పంతం. చివరికి బండిలోని మరుగుదొడ్డి తొట్టి ఎవరు ఖాళీ చెయ్యాలన్న దగ్గర ఇద్దరి గొంతులూ వీధి చివరి దాకా వినిపించాయి.

"నీలాంటి మొండిఘటాన్ని నేనెక్కడా చూళ్లేదు," అన్నాడు లైల్.

"చూసే కళ్లుంటే కదా. అంత గోడే కనపడలేదు నీకు."

ఆర్లన్‌కు భయమేసింది. నలుగురి మధ్యనే ఇలా ఉంటే, ఫోను కూడా పలకని ఆ ఎడారిలో, ఆ రేకుల గదిలో వీళ్లు ఒకరి పీక ఒకరు పిసుక్కోరూ? కళ్లెదుట ఒక కాపురం కూలిపోతుంటే గుమ్మంలో నిలబడి చూడ్డానికా తను పాస్టరైంది? వాళ్ల మీద జాలేసింది, తన పిరికితనం మీద ఒళ్లు మండింది.

లైల్ ఇంకోసారి బండి వెనక్కి తీశాడు. ఎడమకి తిప్పమని డోరీన్ అరిచింది, అది ఎడమా అని ఏకిపారేసింది, చిన్నప్పుడు నిన్ను బడికి పంపలేదా అని అడిగింది. పంపారని, నీలాంటి టీచరమ్మ దొరికి చదువు మానేశానని లైల్ అన్నాడు. అంతలో బండి రెండు గీతల మధ్య కుదురుగా నిలబడింది. లైల్ దిగి తలుపు ధడాలున వేశాడు. ఇద్దరి మొహాల్లోనూ నవ్వన్నది లేదు.

ఆర్లన్ గబగబా వాళ్ల దగ్గరికి నడిచాడు.

"అమ్మా, మీరు ఏమనుకున్నా సరే, చెప్పక తప్పదు. ఇంత కసి పెట్టుకుని ఒకే బండిలో వెళ్లొద్దు. ఈ యాత్ర మానుకోండి. సాయంత్రాలు ఇద్దరూ నా దగ్గరికి రండి, మాట్లాడుకుందాం. ఇన్నేళ్ల సంసారాన్ని చేజేతులా పాడుచేసుకోకండి."

"మీ పని మీరు చూసుకోండి," అన్నాడు లైల్ కటువుగా.

"నువ్వు కాసేపు నోరు మూసుకో," అని అతణ్ణి కసిరి, డోరీన్ పాస్టరు వైపు తిరిగింది. "పోయిన మా ఆయన బండి పెట్టేటప్పుడు పల్లెత్తు మాట అనేవాడు కాదండీ. ఆ తర్వాత వారమంతా మొహం మాడ్చుకుని తిరిగేవాడు. ఈ మనిషి కడుపులో ఏదీ దాచుకోడని ఇవాళ తేలిపోయింది. మేం బయల్దేరేలోగా మా ఇద్దరికీ పెళ్లి చేసిపెడతారా?"