అంచు పగలని రొట్టె

ఆ పొద్దున ఆకాశం నిండా మబ్బు పట్టింది గానీ చినుకు రాలలేదు. సెలవులకు పట్నం నుంచి న్యాల్‌కల్ వచ్చిన తొమ్మిదేళ్ల భాగీరథి, జొన్నరొట్టెను అంచు పగలకుండా చరిచి పెనం మీద వేసింది. పక్కనే కూర్చున్న నాయనమ్మ సంగమ్మ కళ్లు చిన్నవి చేసుకుని చూసింది.

“పట్నం బడిల గిదే నేర్పుతున్నరా?”

“అమ్మ నేర్పింది అవ్వా.”

“పోయినేడు నిన్ను పొయ్యికాడికే రానియ్యకపాయె. గిప్పుడు నీతోని పని జేయిస్తుందా? ఏదీ, చెయ్యి సూపియ్యి.”

మణికట్టు దగ్గర కాలిన మచ్చలున్నాయి. కొన్ని పాతవి.

“మీ అమ్మ ఇంట్ల లేదు గదనే?”

భాగీరథి తల వంచుకుంది.

“ఉగాది సంది బీదర్ల అమ్మమ్మకాడ ఉంది. నీకు చెప్పొద్దన్నడు నాయిన. తెలిస్తే అమ్మను మల్ల గడప తొక్కనియ్యవంట. నిజమేనా అవ్వా?”

సంగమ్మ పొయ్యిలో కట్టెను వెనక్కు లాగింది.

“మీ నాయిన కొట్టిండా ఆమెను?”

పిల్ల తలూపింది.

“తిని తయారు కా. బీదర్ బస్సుకు పోదాం. మీ అమ్మ ఇగ నాకాడనే ఉంటది. నేను గడప తొక్కనియ్యంది మీ నాయిననే.”

రొట్టెను చెరిసగం చేసి కారం వేసింది. ఇద్దరూ తిన్నారు.