ఇరవై గడపలు

"ఈ ఊళ్లో ఒక కబురు నలుగురికీ తెలియాలంటే ముందు ఎవరి చెవిన వేయాలి పిన్నిగారూ?"

బాపట్ల నుంచి సర్వేకొచ్చిన లిఖిత ఆ మాట అడగ్గానే కృపమ్మ ప్రాణం లేచొచ్చింది. తోముతున్న ఇడ్లీ రేకులు అక్కడే వదిలేసి, చేతులు కొంగుకి తుడుచుకుంటూ వచ్చి పిల్ల ఎదురుగా కూలబడింది.

"దీనమ్మ! రాసుకో తల్లీ, ఎదురింటి దీనమ్మ. నా చట్నీలో బల్లి పడిందని పొద్దున ఆరింటికి నోరు తెరిచింది. ఎనిమిదయ్యేసరికి అంగలకుదురు ఊరంతా పాకించేసింది. నెల్లాళ్లయింది, నా ఇడ్లీ బండి దగ్గరికి ఒక్కడంటే ఒక్కడు రాలా. రుబ్బిన పిండంతా గేదె కుడితిలో పోసుకున్నా."

"నిజంగా బల్లి పడిందాండీ?"

"కరివేపాకు రెమ్మమ్మా! దాని కళ్లకి తోక కనబడింది."

లిఖిత నవ్వు ఆపుకుని ట్యాబ్‌లో పేరు కొట్టింది.

"ఈ పేర్లన్నీ ఏం చేస్తారేంటి?"

"మనుషులు ఎవరి మాట వింటారో, ఎలా నడుచుకుంటారో లెక్కలు కట్టి తెలుసుకుంటారండి మా సారు. ఎకనామిక్స్ ఆయన. ఆదివారం పంచాయతీ ఆఫీసు దగ్గర ఎక్కువమంది చెప్పిన పేరు ఆయనే చదువుతారు."

"మైకులోనా?"

"మైకులోనేనండి."

కృపమ్మ కళ్లు మెరిశాయి. ఊరందరి ముందూ, మైకులో, దీనమ్మ పేరు! "దానికెన్నొచ్చాయి ఇప్పటికి?"

"చెప్పకూడదండి. ఒక్కో ఇల్లు ఒక్కో పేరు చెబుతోంది. మీతో ఇరవై అయ్యాయి. కాలవ గట్టు మీది ఇరవై ఇళ్లూ రేపు."

లిఖిత వీధి మలుపు తిరిగిందో లేదో, కృపమ్మ గిన్నె పుచ్చుకుని చెప్పులేసుకుంది.

"ఎక్కడికే?" అన్నాడు మొగుడు సంజీవరావు.

"పెరుగు తోడుకి."

"పాడి మనింట్లో పెట్టుకుని?"

ఆ మాట వినడానికి కృపమ్మ అక్కడుంటేగా. కాలవ గట్టు మీద మొదటి గడప ఎక్కేసింది. "వదినా, నీ ఒక్కదానికే చెబుతున్నా, ఎవరితో అనకు. రేపా సర్వే పిల్ల అడిగితే దీనమ్మ పేరు చెప్పు. నిద్రలో కూడా దాని నోరు మూతపడదని రాయించు." ఆ పక్కింట్లో అక్కా అంది, ఆ పైన పిన్నీ అంది. వరసలు మారాయిగాని మాట మారలేదు. దీపాలు పెట్టే వేళకి ఇరవై గడపలూ తిరిగి, ఖాళీ గిన్నెతో, నిండిన కడుపుతో ఇంటికొచ్చింది.

ఆదివారం చర్చి వదలగానే తెల్లచీరతోనే వెళ్లి ముందు వరసలో కూర్చుంది. వెనక వరసలో దీనమ్మ ఎవరితోనో ఇకిలిస్తోంది. 'నవ్వవే, నవ్వు. ఇంకో పది నిమిషాలు' అనుకుంది కృపమ్మ.

లిఖిత వాళ్ల సారు పూర్ణచంద్రరావు కాగితం తీసి మైకు సర్దుకున్నాడు.

"మొదటి రోజు ఇరవై ఇళ్లలో పద్నాలుగు పేర్లొచ్చాయండి. రెండో రోజు ఇరవై ఇళ్లలో ఒకే ఒక్క పేరు. దీనమ్మగారు."

జనం గొల్లుమన్నారు. దీనమ్మ తల దించేసుకుంది. కృపమ్మకు నెల్లాళ్ల కడుపుమంట ఒక్కసారిగా చల్లారింది. 'ఇంకా గట్టిగా చదవయ్యా!'

"పేరే కాదు, మాట కూడా ఒకటే, అక్షరం పొల్లుపోలేదు. ఇరవైమంది మనసులు ఇలా ఒకే అచ్చులో పడవండి. అనుమానమొచ్చి నిన్న మా సర్వే అమ్మాయిని మళ్లీ ఆ ఇరవై ఇళ్లకీ పంపాను, ఈ మాట మీకు చెప్పిందెవరని అడగమని. దానిక్కూడా అందరూ ఒకే పేరు చెప్పారు. ఒక్క సాయంత్రంలో ఇరవై ఇళ్లండీ! నా సర్వీసులో ఇంత వేగం చూడలేదు."

ఆయన కళ్లజోడు పైకి తోసి ముందు వరసలోకి చూశాడు.

"కృపమ్మగారంటే ఎవరండీ? ఒకసారి లేచి నిలబడండి, ఊరంతా చూస్తుంది."