చిక్కుడు తీగ మీద తలంటు

చిక్కుడు తీగలో ముక్కు గుచ్చి పేనుబంక తియ్యటి రసం తాగుతోంది. పక్కకు చేరిన బొద్దుపురుగుకు నోరూరింది.

“వదినా, ఆ తీపి ఎక్కడుంది?”

ఆకులు వండిన తీపి తొక్క కిందే పారుతుందనీ, లోపలి గొట్టాల్లో ఉన్నవి వేళ్లు తోడిన నీళ్లేననీ పేనుబంకకు తెలుసు. “లోపలికి పోయేకొద్దీ తీపే, మరిదీ,” అంది.

పురుగు తన ముక్కును లోతుగా గుచ్చింది. చప్పటి నీళ్లు. ఇంకాస్త తాగితే తీపి తగలకపోతుందా అని తాగుతూనే ఉంది. తాగిందంతా వెనకనుంచి నురగై ఒళ్లంతా కప్పేసింది.

“తీపి తగిలిందా?” పేనుబంక కిసుక్కున నవ్వింది.

“తలంటు పోసుకుంటున్నాను, కనబడట్లా?” అంది పురుగు, పరువు కాపాడుకుంటూ.

అంతలో పేనుబంకల్ని తినే అక్షింతల పురుగు వచ్చి వాలింది. నురగను చూసి మొహం తిప్పుకుని, ఇంకా నవ్వుతున్న వదినను నోట్లో వేసుకుంది.

నురగలోంచి మరిది అంతా చూశాడు. ఆ రోజునుంచి తలంటు మానలేదు.