పేరు పెట్టి పిలిచిన పెట్టె

పోయినవాళ్ల పాత మాటలు పోసి చేసిన పెట్టె, వాళ్ల గొంతుతో చెప్పిందే వీలునామాగా చెల్లే రోజులవి. తహసీల్దారు ఆఫీసులో, పెట్టెలోంచి రత్తమ్మ తండ్రి గొంతు పలికింది: "రత్తమ్మా, బోరు కింది చేను తమ్ముడికే. నువ్వు వేలిముద్ర వేసెయ్యి."

తమ్ముడు కోటేశు కళ్లొత్తుకున్నాడు. "విన్నావా అక్కా? అయ్యే చెప్పాడు."

"విన్నాన్రా. వీడెవడో గాని మన అయ్య కాదు."

తహసీల్దారమ్మ విసుక్కుంది. "మీ నాన్న మాటల రికార్డులు మీ తమ్ముడు తెచ్చినవన్నీ పోసే చేశారమ్మా దీన్ని!"

"నాతో అన్నవి పొయ్యలేదుగా! అయ్య నాకు వాళ్లమ్మ పేరు పెట్టుకున్నాడు మేడం. పుట్టిన కాణ్ణించీ 'అమ్మా' అనడమే. కన్నతల్లిని పేరు పెట్టి పిలుస్తాడా ఎవడైనా?"

కోటేశు తల దించుకున్నాడు.

"రత్తమ్మా, వేలిముద్ర..." అంది పెట్టె.

రత్తమ్మ పిడికిలి బిగించి లేచింది. "రేపు నా సగం దున్నిస్తున్నా. ఆపాలంటే మా అయ్యనే రమ్మనండి. వచ్చి, 'అమ్మా' అని ఆపమనండి."