మూగ పిట్ట

“లోపల మోగుతోంది, బయట మోగడం లేదు. ఇందులో అర్థం కానిదేముంది మాస్?” అని తర్ముజీ విసుక్కున్నాడు.

“అది అర్థమైంది పాక్. ఎప్పట్నుంచి మోగడం లేదని అడుగుతున్నా,” అన్నాడు వహ్యోనో, పనిముట్ల సంచీ విప్పుతూ. జావా దీవిలోని క్లాటెన్‌లో ఎవరింట్లో స్పీకరు మూగబోయినా అతన్నే పిలుస్తారు. పెద్దవాళ్లని ‘పాక్’ అనీ, కుర్రవాళ్లని ‘మాస్’ అనీ పిలవడం అక్కడి మర్యాద.

“సోమవారం నుంచి. ఆదివారం పొద్దున కూడా నిక్షేపంగా మోగాయి.”

వరండా చూరు కింద రెండు స్పీకర్లున్నాయి. వాటి కిందే నల్లగుడ్డ కప్పిన పంజరం వేలాడుతోంది. అందులో సోమవారం వచ్చిన కొత్త మురాయ్ ఉంది, విన్న కూతని తిరిగి కూసే పాటల పిట్ట. పోటీ పిట్టకి పాట నేర్పాలంటే ఇలాగే గుడ్డ కప్పి, పొద్దంతా స్పీకర్లలో కానరీల కూతలూ కీచురాళ్ల రొదా వినిపించాలి. తర్ముజీ తెల్లారగానే వరండా స్పీకర్ల మీట నొక్కి, కాఫీ తాగుతూ అరగంట వినేవాడు. తర్వాత బట్టల కొట్టుకి వెళ్లి, చీకటి పడ్డాక వచ్చి ఆపేవాడు. ఇంకో నాలుగు నెలల్లో జిల్లా పోటీ ఉంది. ఈసారి కూడా నవ్వులపాలైతే ఆ మైదానం ముఖం చూడలేడు. అందుకే ఒక్క రోజు వృథా అయినా అతనికి ప్రాణం పోయినట్టుంది.

వహ్యోనో ముందు ఆంప్లిఫయర్ చూశాడు. వరండా మీట నొక్కే ఉంది. లోపలి స్పీకరు తీగ తీసి, వరండా తీగ ఉండే చోట పెట్టాడు. లోపలి స్పీకరు అక్కడా మోగింది.

“దీనికేం రోగం లేదు. మరి పాత పిట్ట ఏది పాక్? దానికీ ఇలాగే నేర్పారు కదా?”

“దాని ఊసెత్తకు!” తర్ముజీకి చిర్రెత్తుకొచ్చింది. “రెండేళ్లు మేపాను. మిడతలు, చీమగుడ్లు, ఏది తక్కువ చేశాను? గుడ్డ తీస్తే చాలు, నన్ను చూసి ముడుచుకుపోయేది. పంజరాన్ని కర్రతో ఎంత వాయించినా ఒక్కనాడూ నోరు విప్పలేదు. మొన్న ఆదివారం పోటీలో పాతిక పిట్టలు గొంతు చించుకుంటుంటే, మా మహారాణి రెక్కలో తల దూర్చి కూచుంది. పోటీకొచ్చిన ఆ దిర్జో గాడు ఊరందరి ముందూ ఏమన్నాడో తెలుసా? ‘పాక్, పిట్టని తెచ్చారు సరే, స్పీకర్లు తేవడం మరిచారా?’ అన్నాడు.”

వహ్యోనోకి నవ్వొచ్చింది కానీ మింగేశాడు.

తర్ముజీ భార్య తుమిరా టీ గ్లాసు తెచ్చి అతని ముందు పెట్టింది. “నేరుగా ఇంటికొచ్చి పంజరాన్ని పెరటి గోడ మీద పెట్టారు బాబూ,” అంది. “తలుపు తీశారు. ఎగిరిపొమ్మని వదిలేస్తున్నారేమో అనుకున్నా. గోడ మీద పిల్లి కూచునుంది. నేను పరుగెత్తబోతే చెయ్యి పట్టుకుని ఆపేశారు.”

“తలుపు తీసే ఉంచాగా? ఎగరడం కూడా చేతకాకపోతే నేనేం చెయ్యను?” అన్నాడు తర్ముజీ. “పాటకి పనికిరాలేదు, పిల్లికైనా పనికొచ్చింది.” తన మాటకి తనే నవ్వుకున్నాడు. తుమిరా లోపలికి వెళ్లలేదు. గుమ్మం పట్టుకుని అక్కడే నిలబడింది.

వహ్యోనో నిచ్చెన వేసుకుని రెండు స్పీకర్లూ దించాడు. తన సంచీలోని తీగ ముక్కతో వాటిని ఆంప్లిఫయర్‌కి కలిపాడు. కానరీ కూత వరండా అంతా మారుమోగింది. తర్ముజీ ముఖం వికసించింది. గుడ్డ కింద కొత్త పిట్ట టపటపా కొట్టుకుంది.

“స్పీకర్లూ బాగానే ఉన్నాయి. ఇక మిగిలింది గదిలోంచి వచ్చే తీగ. రెంటికీ కలిపి ఒకటే కదా?”

“ఒకటే. ఎలక కొరికి ఉంటుంది. ఆదివారం రాత్రే కొరికి ఉంటుంది.”

వహ్యోనో చూరు వెంట తీగని తడుముకుంటూ నిచ్చెన జరుపుకుపోయాడు. మూలనున్న దూలం దగ్గర ఆగి, వెనక్కి చెయ్యి పోనిచ్చి వేళ్లతో తడిమాడు.

“ఈ దూలాలకి ఆకుపచ్చ రంగు ఎప్పుడు వేయించారు పాక్?”

“లెబరాన్ పండక్కి ముందు. ఏడు నెలలైంది. ఇప్పుడు రంగుతో నీకేం పని?”

వహ్యోనో దూలం వెనక నుంచి రెండు తీగ కొసలు బయటికి లాగాడు. “పాత రంగు గీకేటప్పుడు పనివాళ్లు తీగ తెంపేశారు. మీరు తిడతారని వెనక్కి తోసేసి, పైన రంగు పూసేశారు. చూడండి, లోపలి రాగి మీద కూడా ఆకుపచ్చ రంగే గట్టిపడి ఉంది.”

“నీకు మతి పోయిందా?” తర్ముజీ గొంతు లేచింది. “రోజూ పొద్దున్నే ఇక్కడ కూచుని విన్నానయ్యా! ఆదివారం కూడా విన్నాను. ఏమే, నువ్వు వినలేదూ?”

“పొద్దంతా విన్నాను,” అంది తుమిరా. “గుడ్డ కప్పిన ఆ పాత పిట్ట పంజరం దగ్గరే కూచుని బియ్యం ఏరుకునేదాన్ని.” కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

తర్ముజీ ఒకసారి భార్యనీ, ఒకసారి తీగనీ చూశాడు. వహ్యోనో నిచ్చెన దిగి, అతని కళ్లలోకి చూడకుండా చెప్పాడు.

“ఏడు నెలలుగా మూగవి ఈ స్పీకర్లే, పాక్.”