చెల్లె ఆది జాకెట్టు

"ఇది నీది గాదు గదనే కళావతీ! నీ చెల్లె అలివేలుకు నేను కుట్టిందే," అంది భాగ్యమ్మ, కొలతకని తెచ్చిన జాకెట్టును కుట్టుమిషన్ మీద పరిచి.

"గా కొలతకే కుట్టక్కా. దాని పెండ్లి వరకు నేను గూడ గంత సన్నవడ్త."

"పోయినేడు గూడ గిట్లనే కుట్టిచ్చుకుంటివి. ఒక్కసారన్న తొడుక్కున్నవా?"

కళావతి చేతిలోని పల్లి లడ్డు కొరికింది.

"సందుగ పెట్టెల మడతవెట్టే ఉన్నది. దాని పెండ్లి చీర నేసింది నేను. వచ్చినోళ్లు మాత్రం అలివేలునే మల్లెతీగ అంటరు. గా మాట ఇన్నప్పుడల్ల నా చెయ్యి లడ్డూల డబ్బలకే పోతది."

"ఆకలైతదా?"

"కాదు. కుళ్లు."

భాగ్యమ్మ నవ్వలేదు. "తింటే పోతదా?"

నోటి దాకా తెచ్చిన లడ్డూను కళావతి కిందికి దించింది.

"దాని కొలత దానికే. మగ్గం మీద గంత చీర నేసిన భుజాలు నీయి. వాటిని దీంట్ల కుక్కుడు నాతోని గాదు. చేతులు లేపు."

సగం తిన్న లడ్డూను బల్ల మీద పెట్టి, కళావతి రెండు చేతులూ లేపింది. టేపు ఒంటి చుట్టూ తిరుగుతుంటే అలవాటుగా ఊపిరి బిగబట్టింది. తర్వాత మెల్లగా వదిలేసింది.

"జర వదులుగనే కుట్టక్కా," అంది. "ఇదైతే తొడుక్కుంట."